నా గడిలో సున్నాలు

112వ రోజు

దగ్గులు: ఇరవై మూడు. రిజిస్టరులో నా గడిలో రాసింది: సున్నా.

ఈ కాగితాలు రిజిస్టరులోవి కావు. నాచు పలకలు తుడిచే సామాను వచ్చిన అట్టపెట్టె చింపి, లోపలి తెల్ల వైపు రాసుకుంటున్నాను. అక్కడ అబద్ధం రాయడం మొదలుపెట్టాక, నిజం ఎక్కడో ఒకచోట రాయకపోతే నాకే మతి తప్పుతుందనిపించింది.

నా పేరు సన్యాసమ్మ. మూడో గవ్వలో గాలి రిజిస్టరు రాసేది నేనే. ఈ గవ్వలో ఎనభై ఆరుగురం ఉంటాం. చుట్టూ ఉక్కు గోడ, దాని అవతల సముద్రం, నెత్తిన నలభై నిలువుల నీళ్ళు. పైన ఎండకి ఇక మనిషి బతకడని తొమ్మిదేళ్ళ కిందట మా రేవు వాళ్ళనందరినీ ఇక్కడికి దించారు. కిటికీ తీస్తే గాలి వచ్చే చోటు కాదు ఇది. ఒకరు వదిలింది నాచు పలక శుభ్రం చేస్తే ఇంకొకరు పీల్చాలి. అందుకని ఎవరెన్నిసార్లు దగ్గారో, ఎవరికి ఆయాసం వచ్చిందో రోజూ మొదటి గంట కొట్టగానే రాయాలి. వాళ్ళు చెబుతారు, నేను రాస్తాను. నా గడి మాత్రం నేనే నింపుకోవాలి. నన్ను అడిగేవాళ్ళు లేరు.

ఈ ఏడు పొగగది మూసేశారు. గాలిలో ప్రాణవాయువు పాలు పెంచారట, ఇక అగ్గిపుల్ల గీస్తే గవ్వంతా అంటుకుంటుందట. చుట్ట తాగే ఆడవాళ్ళం పన్నెండు మందిమి. తలా ఒక ఆవిరి గొట్టం ఇచ్చారు. ఈ రోజుల లెక్క అప్పటి నుంచే. దాన్ని మేం బూర అంటాం. లోపల నూనె గుళిక ఉంటుంది, అది కాగి ఆవిరవుతుంది, ఆ ఆవిరి పీల్చాలి. నిప్పు లేనిదే పొగ రాదన్న పెద్దలు బూరని చూసి ఉండరు.

పంచిన రోజు సభలో మాట్లాడింది కూడా నేనే. "చుట్ట మానేసి ఇది పట్టుకున్నాక నాకు దగ్గన్నదే లేదు" అని అందరి ముందూ చెప్పాను. అందరికన్నా ముందు వచ్చిన నా బూరకి అప్పటికి రెండు రోజులే. సభ అయ్యాక కింది వరసలో ఉండే రాములమ్మ, వాళ్ళమ్మ చుట్టిపెట్టి పోయిన ఆఖరి చుట్టల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టి ఏడ్చింది.

"నీ మాట మీద మానేస్తన్నానప్పా" అంది.

ఇప్పుడు నేను నోట్లో కొంగు కుక్కుకుని దగ్గుతున్నాను. దొంగకి తేలు కుట్టినట్టుంది నా బతుకు.

115వ రోజు

దగ్గులు: ఇరవై తొమ్మిది. రాసింది: సున్నా.

కింది వరస వాళ్ళ లెక్కలు రాసుకున్నాను. రాములమ్మ పద్నాలుగు. పైడమ్మ పదకొండు. గవరమ్మ పదహారు. బూర పట్టుకున్న మిగతా పదకొండు మందీ కింది వరసలోనే ఉంటారు, నేనొక్కదాన్నే పై వరస. ఆ పదకొండు మందికీ దగ్గే. మొదటి నెలలో చుట్ట వదిలిన ఊపిరితిత్తులు మసి కక్కుతాయని, కొన్నాళ్ళకి అదే పోతుందని పైన చలవగదుల్లో ఉండే ఆఫీసు వాళ్ళు పంపిన కాగితంలో ఉంది. నాలుగు నెలలు కావస్తున్నాయి. పోలేదు, పెరిగింది.

"నీకేటి లేదా అప్పా?" అని పైడమ్మ అడిగింది. ఆవిడ అడిగే తీరే అంత, సూదితో గుచ్చినట్టు.

"నాకేముంది" అన్నాను. అని, పుస్తకం చంకలో పెట్టుకుని గబగబా నడిచి, తేమ పిండే గదిలోకి దూరి, మర చప్పుడులో కడుపారా దగ్గాను.

అక్కడ వరహాలు ఉన్నాడని చూసుకోలేదు. వరహాలు తొమ్మిదో పలక కాపరి. కింది వరసంతా పీల్చేది ఆయన పెంచే నాచు ఇచ్చిన గాలే. అరవై నాలుగేళ్ళుంటాయి. పైన ఉన్నప్పుడు రొయ్య పిల్లల్ని పొదిగించే షెడ్డులో, పిల్లలకి మేతగా నాచు పెంచేవాడు. కిందికి దిగేటప్పుడు అందరం దేవుడి పటాలూ బిందెలూ తెచ్చుకుంటే, ఆయన గాజు సీసాలో తన నాచు తెచ్చుకున్నాడు. దారి పొడుగునా ఆ సీసా మీద తడిగుడ్డ కప్పి, ఊపుతూనే ఉన్నాడు. ఆ సీసాడు నాచే ఇవాళ నిలువెత్తు గాజు పలక నిండా పచ్చగా కదులుతోంది.

ఆయన నన్ను చూసి గరిట కింద పెట్టాడు. "పొలమారినాదా తల్లీ?" అని అడిగాడు.

"ఆఁ, పొలమారింది" అన్నాను.

"ఎవులో తలుసుకుంటన్నారు" అని నవ్వి, మళ్ళీ పలక గీకడంలో పడ్డాడు.

118వ రోజు

దగ్గులు: ముప్పై ఒకటి. రాసింది: సున్నా.

ఎందుకు దగ్గుతున్నానో నాకు తెలుసు. తెలియదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఇవాళ ఇక్కడ రాసేస్తాను.

మేం తాగింది అడ్డచుట్ట. మా రేవులో ఆడవాళ్ళు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకునేవాళ్ళు. సముద్రపు గాలికి నిప్పు ఆరకూడదు, తడి చేతుల్తో వలలు దులిపేటప్పుడు బూడిద రాలకూడదు. నాకు పదిహేనేళ్ళప్పుడు మా నాన్నమ్మ నేర్పింది. మొదటి రోజు నాలుక కాలింది. తరవాత ఆ వేడి నాలుక మీద లేకపోతే పొగ తాగినట్టే ఉండేది కాదు.

బూర పంచడానికి ముందు ఒక ఫారం నింపారు. పై నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు చదువుతూ, "నిప్పు లోపలికి పెట్టుకుని తాగేవాళ్ళు కూడా ఉండేవాళ్ళట ఒకప్పుడు. మీలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, పక్కవాడి వైపు చూసి నవ్వాడు. పక్కవాడూ నవ్వాడు. పన్నెండు మందిమీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. ముందు పలికింది నేనే. "లేదు బాబూ, అందరం బయటికే" అన్నాను. రిజిస్టరు రాసే మనిషిని, నాలుగు అక్షరాలు వచ్చిన మనిషిని, వాళ్ళ ముందు నోట్లో నిప్పు పెట్టుకునే మొద్దు మనిషిగా కనబడటం నాకు ఇష్టం లేకపోయింది. నా వెనక పదకొండు మందీ "బయటికే, బయటికే" అన్నారు.

బూరకి ఒక చివర పీల్చే మూతి, చల్లగా ఉంటుంది. రెండో చివర చిన్న ఇత్తడి జల్లెడ. నూనె కాగేది దాని వెనకే, అందుకని అది వెచ్చగా ఉంటుంది. మొదటి రోజు సవ్యంగానే పీల్చాను. చప్పగా ఉంది. చన్నీళ్ళు తాగి కల్లు తాగాననుకోవడంలా ఉంది. మూడో రోజు తలుపు వేసుకుని, తిరగేసి, జల్లెడ వైపు నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద ఆ వెచ్చదనం తగలగానే మా నాన్నమ్మ పక్కన కూర్చున్నట్టయింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి.

అటు నుంచి పీలిస్తే ఆవిరితో పాటు కాగని నూనె కూడా వస్తుంది. గొంతులో జిడ్డుగా దిగడం తెలుస్తూనే ఉంటుంది. తెలిసీ రోజుకి ఆరేడు సార్లు తిరగేస్తున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. పిల్లికి కనీసం పాలు దక్కుతాయి.

121వ రోజు

దగ్గులు: ఇరవై ఏడు. రాసింది: సున్నా.

పై నుంచి డాక్టరమ్మ దిగింది. పేరు మెహరున్నీసా. ముప్పై దాటి ఉండవు, కళ్ళ కింద అలసట. ఈ పిల్ల నవ్వే రకం కాదు. పదకొండు మంది గుండెల మీదా గొట్టం పెట్టి ఓపిగ్గా విన్నది. పన్నెండోదాన్ని నన్నూ పిలిచింది.

"మీకేం లేదుగా అమ్మా? రిజిస్టరులో సున్నాలే ఉన్నాయి" అంది.

"లేదమ్మా" అన్నాను.

"ఒకసారి చూస్తాను, రండి."

"పుస్తకం పనుంది, మళ్ళీ వస్తాను" అని తప్పించుకున్నాను. ఆమె బలవంతం చేయలేదు. పుస్తకం రాసే మనిషి మాట పుస్తకమంత గట్టిదని అనుకుంది పాపం.

తరవాత ఒక బూర తీసి మరకి బిగించి పరీక్ష చేసింది. మర సవ్యంగా, మూతి వైపు నుంచే పీల్చింది. శుభ్రమైన ఆవిరి వచ్చింది. "గొట్టంలో ఏ లోపమూ లేదు" అని రాసుకుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తిరగేసి పెట్టి చూడమ్మా అని అనడానికి మూడు మాటలు చాలు. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని, ఆ మూడు మాటలూ మింగేశాను.

123వ రోజు

దగ్గులు: ముప్పై నాలుగు. రాసింది: సున్నా.

ఇవాళ్టిది రాయడానికి చెయ్యి రావడం లేదు.

పది రోజులకోసారి ఖాళీ బూరలన్నీ పోగుచేసి, కొత్త గుళికలు వేసి ఇవ్వడం నా పనే. మామూలుగా గుడ్డ పెట్టి ఒక తుడుపు తుడిచి వేసేస్తాను. ఇవాళ రాములమ్మ బూర పట్టుకుంటే జల్లెడ చుట్టూ వేలికి గరుగ్గా తగిలింది. దీపం కింద పెట్టి చూశాను. పంటి గాట్లు. మూతి వైపు కాదు, జల్లెడ వైపు.

పైడమ్మది చూశాను. గాట్లే. గవరమ్మది, గాట్లే. పదకొండూ చూశాను. పదకొండింటికీ అడ్డ వైపే పంటి గాట్లు. రాములమ్మకి పై పన్ను ఒకటి లేదు, ఆ సందు కూడా అచ్చు పడింది.

అందరం తలుపులు వేసుకుని, ఎవరికి వాళ్ళం, మనమొక్కళ్ళమే సిగ్గుమాలిన వాళ్ళమనుకుంటూ బూర తిరగేసుకుంటున్నాం. మొదట నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను, నవ్వు దగ్గయింది. ఆ తరవాత భయం పట్టుకుంది. ఎందుకంటే అప్పటిదాకా నాకు తెలిసింది నా ఒక్కదాని సంగతే. ఇప్పుడు పన్నెండు మంది సంగతీ తెలిసింది. తెలిసిన మనిషి చెప్పాలి. చెబితే నా బూర చూపించమంటారు. నా గడిలో సున్నాలు చూపించమంటారు.

సొరుగులో గరుకు కాగితం ఉంది. పలకల అంచులు సాపు చేసేది. దాంతో పదకొండు బూరల మీదా గాట్లు గీకేశాను. చివరికి నాదీ గీకాను. పన్నెండూ కొత్తవాటిలా మెరిశాయి. కొత్త గుళికలు వేసి, ఎవరివి వాళ్ళకి ఇచ్చి వచ్చాను.

126వ రోజు

దగ్గులు: ముప్పై. రాసింది: సున్నా.

డాక్టరమ్మ రిజిస్టరంతా తిరగేసింది. ఆమె వేలు నా గడి మీద ఆగింది.

"చూడండి సన్యాసమ్మగారూ, మీ పన్నెండు మందివీ ఒకే రకం గొట్టాలు. ఒకే నూనె. అందరూ ఒకేలా చుట్ట మానేసినవాళ్ళు. పదకొండు మందికి దగ్గు, మీకు మాత్రం లేదు. తేడా ఒక్కటే కనిపిస్తోంది. వాళ్ళు కింది వరస, మీరు పై వరస. వాళ్ళు పీల్చేది తొమ్మిదో పలక గాలి, మీది అయిదో పలక."

తొమ్మిదో పలక అంటే వరహాలుది.

"నాచుకి తెగులు పట్టి ఉంటుంది" అంది ఆమె. "మామూలు వాళ్ళు తట్టుకుంటున్నారు, పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తులు తట్టుకోలేకపోతున్నాయి. మీ రిజిస్టరు లేకపోతే ఇది దొరికేది కాదు. మీరు ఎంత శ్రద్ధగా రాశారో!"

మెచ్చుకుంది నన్ను. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. "ఇంకోసారి గొట్టం చూడండమ్మా" అని గొణిగాను. "మూడుసార్లు చూశాను" అంది. ఇంకా ఏదో అనబోయాను, గొంతులో దురద మొదలైంది, ఇక్కడ దగ్గితే ఎలాగన్న భయంతో బయటికి వచ్చేశాను. వరహాలుకి అన్యాయం జరగబోతోందని తెలిసిన క్షణంలో కూడా నేను ఆలోచించింది నా దగ్గు గురించే.

128వ రోజు

దగ్గులు: నలభై. రాసింది: సున్నా.

రాములమ్మని మంచాన వేశారు. దగ్గితే ఉమ్మిలో ఎర్ర చారలు. ముక్కుకి గాలి గొట్టం పెట్టారు. చూడటానికి వెళ్ళాను, వెళ్ళకపోతే బాగోదని. దిండు కింద బూర దాచుకుంది, జల్లెడ కొస బయటికి కనిపిస్తోంది.

"అప్పా" అంది నా చెయ్యి పట్టుకుని. "నీకొకటి సెప్పాల. సిగ్గేస్తన్నాది."

ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. చెప్పనిస్తే అంతా బయటపడుతుంది. చెప్పనివ్వాల్సింది.

"ఇప్పుడు మాట్లాడకు. ఆయాసం వస్తుంది" అన్నాను.

"కాదప్పా, నాను సేసిన తప్పు వల్లే..."

"నీ తప్పేం లేదులే, పడుకో."

ఆమె నా మొహంలోకి చూసింది. "మరి నీకు దగ్గు రాదేటప్పా? నువ్వు అదురుష్టవంతురాలివి" అని కళ్ళు మూసుకుంది. నేను దిండు సర్దుతున్నట్టు వంగి, బూర తీసి కొంగున కట్టుకుని తెచ్చేశాను. ఇంత పాడుపనిలోనూ ఆ ఒక్కటీ మంచిది చేశానని మనసుకి నచ్చజెప్పుకున్నాను. మనసు ఒప్పుకోలేదు.

130వ రోజు

దగ్గులు: ముప్పై ఎనిమిది. రిజిస్టరులో ఇవాళ నా గడి ఖాళీగా వదిలాను. సున్నా వేయడానికి చెయ్యి లేవలేదు, ముప్పై ఎనిమిది వేయడానికీ లేవలేదు.

భోజనాల గదిలో కాగితం అంటించారు. తొమ్మిదో పలకని ఎల్లుండి మరిగే నీళ్ళు పోసి చంపేస్తారు. తెగులు దాచిపెట్టినందుకు కాపరి వరహాలుని పైకి పంపుతారు. అభ్యంతరాలుంటే రేపు రెండో గంటకి జరిగే సభలో చెప్పుకోవచ్చు. గాలి పాడుచేశాడన్న పేరుతో పైకి వెళ్ళినవాడిని ఏ గవ్వా మళ్ళీ దించుకోదు. పైన ఆ ఎండలో అరవై నాలుగేళ్ళ మనిషి ఎన్నాళ్ళుంటాడో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

వరహాలు దగ్గరికి వెళ్ళాను. ఇవాళే చెప్పేద్దామని వెళ్ళాను, ఒట్టు. ఆయన పలక ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో గ్లాసెడు నాచునీళ్ళు, దీపానికి అడ్డం పెట్టి చూస్తున్నాడు.

"రంగు బాగానే ఉన్నాది. వాసనా బాగానే ఉన్నాది" అన్నాడు. "ఏటి దాచినానో నాకే తెలవట్లేదు తల్లీ. నలభై ఏళ్ళు సేసిన పని. ఇంకేటీ రాదు నాకు."

"తెగులు కాదేమో, బాబాయ్" అన్నాను.

"కాదని నానూ అన్నాను. పుస్తకం సూపించినారు." గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు రాసినాక తప్పేటుంటాది."

నోరు తెరిచాను. అంతలో కింది వరస నుంచి ఇద్దరు వచ్చారు, ఆయన్ని పలకరించడానికి. వాళ్ళ ముందు ఎందుకులే, రేపు సభలో చెబుదామనుకున్నాను. ఎంత మంచిదాన్నో! సభలో చెప్పడానికైనా రేపటిదాకా గడువు దొరికిందని లోపల ఊపిరి తీసుకున్నాను.

131వ రోజు

దగ్గులు లెక్కపెట్టలేదు.

రెండో గంటకి భోజనాల గది నిండింది. డాక్టరమ్మ కాగితం చదివింది. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగింది. వరహాలు రాలేదు. నేను లేచాను.

ఏం చెప్పాలో అన్నీ వరసగా పేర్చుకుని వచ్చాను. లేచాక ఒక్క మాట రాలేదు. అందుకని కొంగులోంచి నా బూర తీసి, తిరగేసి, జల్లెడ వైపు నోట్లో పెట్టుకుని, అందరూ చూస్తుండగా పీల్చాను. గుక్క తిప్పుకోనివ్వకుండా దగ్గొచ్చింది. బల్ల పట్టుకుని వంగిపోయాను. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. "అడ్డసుట్ట!" అన్నారు ఇంకెవరో, ఆ వెంట నవ్వులు. ఏ నవ్వుకి భయపడి ఇదంతా చేశానో ఆ నవ్వు వచ్చింది, నాలుగు క్షణాలుండి పోయింది. అంతే దాని బలం.

డాక్టరమ్మ నవ్వలేదు. నా చేతిలోంచి బూర తీసుకుని, మరకి తిరగేసి బిగించి, ముందు తెల్లగుడ్డ పట్టింది. గుడ్డ మీద పసుప్పచ్చటి నూనె చుక్కలు పడ్డాయి. ఒకటి, రెండు, ఆ తరవాత ధార.

ఆమె రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. "మీ గడిలో సున్నాలున్నాయే?" అంది నెమ్మదిగా.

"అబద్ధం రాశాను. రోజుకి ముప్పై, నలభై వస్తున్నాయి. మొదటి నెల నుంచీ వస్తున్నాయి. నాచుకి ఏమీ కాలేదు. మిగతా వాళ్ళ బూరలకీ అడ్డ వైపే పంటి గాట్లుండేవి. నేనే గీకేశాను."

అడ్డచుట్టకి నవ్విన గది, ఆ సున్నాల మాటకి నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఏ సిగ్గుని దాచుకోవడానికి ఏ సిగ్గుమాలిన పని చేశానో అప్పుడు తెలిసొచ్చింది నాకు.

పైడమ్మ లేచింది. నా దగ్గరికి వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను.

"నీకు ఎప్పుడు తెలిసినాది?" అంది.

"ఎనిమిది రోజులైంది."

"ఎనిమిది రోజులు! తెలిసీ మాకు కొత్త గుళికలేసి ఇచ్చినావు? రాములమ్మ నెత్తురు కక్కుకుంటంటే సూసొచ్చినావు?" అంది. "మాకు నవ్వులాట భయం, అందుకు సెప్పలేదు. నీకేటి భయం? మా అందరి తరపునా రాసేదానివి నువ్వు గదా!"

రాములమ్మ దిండు కింద నుంచి తెచ్చిన బూర కూడా తీసి బల్ల మీద పెట్టాను.

డాక్టరమ్మ పలక చంపే ఉత్తర్వు కొట్టేసి సంతకం పెట్టింది. వరహాలుని పంపే కాగితం చింపేసింది. "ఎవరైనా వెళ్ళి ఆయనకి చెప్పండి" అంది. "నేనే వెళ్తాను" అన్నాను. కనీసం ఆ ఒక్క మంచి మాటైనా నా నోటితో వెళ్ళి చెప్పాలని ఆశ పుట్టింది. దాదాపు పరుగెత్తాను.

తేమ పిండే గదిలో అడుగు పెట్టగానే వాసన తగిలింది. ఆకుకూర ఉడికినట్టు. తొమ్మిదో పలక గోధుమరంగుకి తిరిగి ఉంది. అడుగున గంజిలా పేరుకుంటోంది. పక్కన వంటశాల నుంచి తెచ్చిన రెండు పెద్ద డేగిసాలు, వాటి వేడి ఇంకా తగ్గలేదు.

వరహాలు చేతులు తుడుచుకుంటున్నాడు. "పరాయోల్లు వచ్చి పొయ్యడమెందుకనీసి, నానే పోసీసినాను" అన్నాడు. "పొద్దుగాలే అయిపోనాది."

139వ రోజు

దగ్గులు: పన్నెండు. రాసింది: పన్నెండు. రిజిస్టరు ఇప్పుడు పైడమ్మ రాస్తోంది. నన్ను మూడుసార్లు అడిగి కానీ వేయదు. అడగాల్సిందే.

రాములమ్మ ముక్కుకి గొట్టం తీసేశారు. ఊపిరితిత్తుల్లో నూనె పోవడానికి నెలలు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. రాములమ్మ నన్ను చూడనంది, వెళ్ళలేదు. డాక్టరమ్మ పైకి రాసి, మూతి వైపు కూడా వెచ్చగా ఉండే బూరలు చేయించమంది. ఫారంలో ఆ ప్రశ్న మళ్ళీ అడిగింది, ఈసారి నవ్వకుండా. పదకొండు మందీ "లోపలికే" అన్నారు.

కింది వరస వాళ్ళకి గాలి లేదు. యాభై మందీ పై వరసలోకి ఎక్కి, మా అయిదో పలక గాలిని పంచుకుంటున్నారు. బరువు పని బంద్. మాట్లాడేటప్పుడు కూడా మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాలి. రెండో గవ్వ నుంచి నాచు విత్తనం పంపారు. అది పలక నిండేసరికి రెండు నెలలు. వరహాలు నాచు మాత్రం ఇక ఎక్కడా లేదు. నలభై ఏళ్ళ కిందట రొయ్యల షెడ్డులో ఒక గాజు గొట్టంలో మొదలుపెట్టింది అది. ఆ షెడ్డూ లేదు, ఆ తీరమూ లేదు.

ఎనిమిది రోజులు ఆయన కంటపడకుండా తిరిగాను. ఇవాళ వెళ్ళాను. ఆయన ఖాళీ గాజు పలకని ముక్కాలి పీట మీద నిలబడి తుడుస్తున్నాడు. కొత్త విత్తనం వేయాలంటే పాతది పిసరంత కూడా ఉండకూడదు. నేను కిందనున్న గుడ్డ తీసుకుని అడుగు భాగం తుడవడం మొదలుపెట్టాను. ఆయన వద్దనలేదు.

తుడుస్తూనే అన్నాను. "బాబాయ్, సభకి ముందు రోజు నీ దగ్గరికి వచ్చింది చెబుదామనే. చెప్పలేకపోయాను. అప్పుడే చెప్పి ఉంటే నీ నాచు ఉండేది."

ఆయన తుడవడం ఆపాడు. "ఉండీది" అన్నాడు.

తిడతాడని చూశాను. తిడితే మోయడానికి సిద్ధపడే వచ్చాను.

"నలభై ఏళ్ళలో నా నాచుని ఒక్కనాడు అనుమానించనేదు తల్లీ" అన్నాడు. "రొయ్యలు సచ్చిపోయినా, మా షెడ్డు యజమాని నా మీద కేకలేసినా, నాచు మంచిదేనని నిలబడ్డాను. ఆ రోజు నీ సున్నాలు సూసినాక అనుమానించినాను. నీళ్ళు పోస్తంటే అది ఇంకా పచ్చగానే ఉన్నాది. తెగులుంటే అలగుండదని నాకు తెలుసు. తెలిసీ పోసినాను. నా కంటికన్నా నీ రాత మీద ఎక్కువ నమ్మకముండీది."

ఆ చల్లటి గాజు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. గొంతులో దురద మొదలైంది. ఆయన ముందు దగ్గకూడదని పళ్ళు బిగబట్టాను, కళ్ళలోంచి నీళ్ళు కారాయి, ఆగలేదు, వచ్చేసింది. ఆ గాజుకే చేతులు ఆన్చి వంగి దగ్గాను. ఎంతసేపు దగ్గానో తెలియదు. ఆ ఖాళీ పలక ప్రతి దగ్గుకీ సన్నగా మోగింది.

వరహాలు పీట దిగి వెళ్ళాడు. వెళ్ళిపోయాడనుకున్నాను. తిరిగి వచ్చాడు. గోరువెచ్చటి నీళ్ళ గ్లాసు నా చేతిలో పెట్టి, నేను తాగి ముగించేదాకా వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.